మందుగది లెక్క

చీమకుర్తి దాటాక, రామతీర్థం కొండ కనపడే మలుపులో
రెండు గదులు. మధ్యన మట్టికట్ట.
రెండింటి తాళాలూ నా మొలతాడుకే.
డిగ్రీ కెమిస్ట్రీ రెండుసార్లు తప్పినోణ్ణి,
ఇప్పుడు రోజుకు రెండుసార్లు
వచ్చింది, పోయింది, మిగిలింది రాస్తాను.

మా వైపు అన్నీ మందే.
పొగాకు మీద కొట్టేదీ మందే,
పొద్దుగూకాక గ్లాసులో పోసేదీ మందే,
జ్వరానికి మింగేదీ, కొండకు పెట్టేదీ.
వర్గీకరణ అంతా
పక్కన నిలబడ్డ క్రియ చేతిలో ఉంది.

చిన్నగదిలోవి తొలి రకం. వేలెడంత గొట్టాలు.
"కొత్తల్లుళ్ళబ్బయా," అంటాడు బ్లాస్టరు కాలేషా,
"చెయ్యి తగిలినా అలుగుతారు, మాట తగిలినా అలుగుతారు."
పెద్దగదిలోవి రెండో రకం.
"ఇయ్యి మా మస్తాన్‌బీ. ముప్పై ఏళ్ళుగా అన్నీ మింగి గమ్మునుండాది.
పక్కన ఇంకోటి పేలాల,
అప్పుడు చూడు, ఇంటిమీద పెంకు నిలవదు."

కాలేజీలో బోర్డు మీద గీసిన షడ్భుజి నాకింకా గుర్తే.
పొయ్యిలో కట్టె గాలిని అడుక్కుంటుంది.
ఇది అడగదు.
తన ఆక్సిజన్ని తనే మూటగట్టుకుని
కాలాల్సిన కార్బన్‌తో ఒకే కప్పు కింద కాపురం పెట్టి
మధ్యలో నత్రజనిని గోడలా నిలబెట్టుకుని
అట్టా ఏళ్ళకేళ్ళు బతుకుతుంది.
గోడ కూలిన క్షణం
నత్రజని ఇంకో నత్రజనిని వెతుక్కుని
మూడు చేతులతో వాటేసుకుంటుంది.
మన చెవిన పడేది ఆ కౌగిలి.

మండటం వేరు, పేలడం వేరు.
మంట ఒక రేణువు చెవిలో చెబితే
అది పక్కదాని చెవిలో చెబుతుంది.
పేలుడు చెప్పదు.
తన చప్పుడుకన్నా ముందే వచ్చి తలుపు తన్నుతుంది.

అయినా గెలాక్సీ రాయి దగ్గర పెద్దమందు చెల్లదు.
నలుపులో బంగారు చుక్కలున్న దిమ్మె,
లోపల వెంట్రుకంత చీలినా ఓడ ఎక్కదు.
పైన కప్పుకున్న పనికిరాని రాతిమీదే మా కోపమంతా.
అసలు రాయికి
తీగ రంపం, నీళ్ళు, ఓపిక.

మొన్న ఒంటిగంట సైరనుకు ముందు
ఎర్రజెండా వదిలేసి కూలబడ్డాడు కాలేషా,
ఎడమచెయ్యి రొమ్ముకు ఆనించుకుని.
"లోడింగు కానీ, జీపు పంపుదాం," అన్నాడు మేనేజరు.
క్యారేజీ తెచ్చిన మస్తాన్‌బీ
ఒక్క మాట అంది.
ఆ మాట రిజిస్టరులో రాయలేను.
జీపు కదిలింది.

ఒంగోలు ఆసుపత్రిలో
నాలుక కింద చిన్న బిళ్ళ పెట్టారు.
కాసేపటికి కణతలు పట్టుకుని నవ్వుతున్నాడు.
"ఈ నొప్పి నాకు ఎరికే.
ఆ రోజుల్లో జిగురు కడ్డీలు ఒట్టిచేత్తో పట్టేవాళ్ళం.
శుక్రారం సెలవు,
శనారం పనిలోకొస్తే ఇదే తలనొప్పి."
బిళ్ళ అట్ట వెనక పేరు చదివాను.
నైట్రేటే.
రెండుసార్లూ నేను వదిలేసిన ప్రశ్న.

మస్తాన్‌బీ మళ్ళీ గమ్మునే ఉంది.
మేనేజరు మాత్రం
ఆమె వస్తే కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటున్నాడు,
చట్టం చెప్పినంత దూరం కాకపోయినా.

చిన్నగది లెక్క సరిపోయింది.
పెద్దగదీ సరే.
కాలేషా చొక్కా జేబులో పది బిళ్ళలు,
ఒకటి వాడాడు, తొమ్మిది మిగిలాయి.
వాటిని ఏ తరగతి కింద రాయాలో
ఈసారి ఇన్‌స్పెక్టరు వస్తే అడగాలి.